తీరిక వేళలు: కొయ్య చెక్కడము నేర్చుకుందాము

ఈ నెల ఈ పేజీలో కొయ్య చెక్కడమును గూర్చి వ్రాయాలని అనుకున్నాము. ఇది డబ్బున్నవారి సరదా కాదు. దీనికి కరెంటు అక్కరలేదు, ప్రత్యేకమైన గది అక్కరలేదు. పదునైన చాకు ఒకటి, చెక్కముక్క ఒకటి, నీడపట్టున కూర్చోవడానికి ఒక అరుగు ఉంటే చాలును. పన్నెండేండ్ల పిల్లలు మొదలుకొని పని చాలించిన తాతల వరకు, ఆడవారు మగవారు అనే భేదము లేకుండా ఎవరైనా నేర్చుకోవచ్చును.

బందరు దగ్గర గిలకలదిండి వంటి ఊళ్లను తలచుకొనే ఈ సంగతి ఎత్తుకున్నాము. ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరమంతటా మరపడవలకు వేట నిషేధము. చేపలు గ్రుడ్లు పెట్టి పిల్లలు చేసే కాలము గనుక సముద్రానికి ఆ విశ్రాంతి కావాలి. పడవలు రేవు చేరుకుంటాయి. వలలు అల్లుకోవడము, ఇంజనులు విప్పి చూచుకోవడము, పడవలకు మరమ్మతులు చేసి రంగులు వేయడము ఆ రోజుల్లోనే జరుగుతుంది. పిల్లలకు వేసవి సెలవులు కూడా అప్పుడే. తండ్రీ కొడుకులు ఇద్దరూ పగటిపూట ఇంటిపట్టున ఉండేది చాలా ఇండ్లలో ఆ కొద్ది వారాలే.

ఆ రోజులలో చేతిలో డబ్బు తక్కువ, సమయము ఎక్కువ. ఆ సమయము కొంత పేకాటకు, కొంత సెల్‌ఫోనుకు పోవడము మనకు తెలియనిది కాదు. కొయ్య చెక్కితే ఆ 61 రోజుల రాబడి లోటు తీరిపోతుందని మేము చెప్పబోము. అది తీరదు. అయితే తండ్రి చేతిలో ఉన్న నేర్పు కొడుకు చేతికి, కూతురు చేతికి దిగడానికి అంతకంటె మంచి అదను దొరకదు. పొలము పనులు లేని మెట్ట నెలలలో గుడివాడ, దివిసీమ రైతు కుటుంబాలకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

మన దగ్గరే ఉన్న విద్య

చెక్కడము మన ప్రాంతానికి క్రొత్త కాదు. బందరుకు సుమారు 10 కిలోమీటర్ల దూరములో, గుడివాడ రైలు మార్గములో ఉన్న పెడనను తీసుకోండి. శ్రీకాళహస్తిలో కలంకారీ అంటే కలముతో గీసే పని. బందరు, పెడనలలోనో, కొయ్య అచ్చులతో గుడ్డమీద అద్దే పని. కరక్కాయ నీటిలో తడిపి ఆరబెట్టిన గుడ్డమీద, తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీటిలో ఊరవేసి చేసిన నల్లరంగు అద్దుతారు. ఎరుపు రావలసినచోట పటిక అద్దుతారు. ఒక పూవులో నాలుగు రంగులుంటే సాధారణంగా నాలుగు అచ్చులు కావాలి. నాలుగూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకదానిమీద ఒకటి కుదరాలి. ఆ కుదురు అద్దేవాని చేతిలో ఎంత ఉన్నదో, అచ్చు చెక్కినవాని చేతిలోనూ అంతే ఉన్నది.

ఆ అచ్చులు టేకు చెక్కతో చేస్తారు. పలకను చిత్రిక పట్టి నున్నగా చేసి, కాగితముమీది నమూనాను దానిమీదికి దించుతారు. గీతల మధ్య పోవలసిన భాగాన్ని బర్మాతో చిల్లులు వేసి తొలగిస్తారు. తరువాత సన్నని ఉలులతో అంచులు తీరుస్తారు. పూర్తయిన అచ్చును నూనెలో నానబెడతారు. నూనె పీల్చుకున్న కొయ్య రంగు నీళ్లకు తడిసి ఆరినా త్వరగా బీటలు వారదు.

ఇప్పుడు స్క్రీను ముద్రణ వచ్చి అచ్చుల గిరాకీ తగ్గించింది. గిలకలదిండి వంటి రేవులలో ఫైబరు పడవలు వచ్చి కొయ్య పడవలు కట్టే వడ్రంగికి పని తగ్గించాయి. యంత్రాన్ని, ఫైబరును తప్పుపట్టడము మా ఉద్దేశము కాదు. ఫైబరు పడవ తేలిక, చెదలు పట్టదు, జాలరి దానిని ఎంచుకోవడము న్యాయమే. కాని బాడిసతో పలకను ఎలా వంపు తీయాలో, కొయ్యలో నార ఎటు నడుస్తుందో తెలిసిన చేతులు ఒక్కొక్కటిగా పని మానుతున్నవి. పుస్తకములో వ్రాసి పెట్టుకుంటే నిలిచే విద్య కాదు ఇది. ఒక చేయి చూచి మరొక చేయి నేర్చుకోవాలి.

చేతిపనిని చదువులో భాగము చేయాలని పెద్దలు ఎప్పుడో ఆలోచించారు. ఫిన్లాండు దేశము 1866లో గ్రామ పాఠశాలలలో చేతిపనిని తప్పనిసరి పాఠము చేసినది. తరువాత స్వీడనులో పిల్లలకు చాకుతో గరిటె, పిడి వంటివి చెక్కడము నేర్పే పద్ధతి పేరుపొందినది. మన బందరులోనే 1910లో కోపల్లె హనుమంతరావుగారు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు, ముట్నూరి కృష్ణారావుగారు కలిసి స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాల పుస్తకాల చదువుతోపాటు కళలకు, చేతివృత్తులకు చోటిచ్చింది. 1937లో వార్ధా మహాసభలో గాంధీగారు ప్రతిపాదించిన విద్యావిధానానికి చేతిపనే పునాది.

ఏ కర్ర మంచిది?

మన రాష్ట్రములో ప్రసిద్ధికెక్కిన కొయ్యపనులను చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. కొండపల్లి బొమ్మలకు తెల్లపొనికి వాడతారు. అది దూదివలె తేలిక. భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల బంక, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. ఏటికొప్పాక బొమ్మలకు అంకుడు కర్ర. దానిని తరిమెన పట్టి తిప్పుతూ లక్క రంగు ఎక్కిస్తారు. పెడన అచ్చులకు టేకు. పనిని బట్టి కర్ర. మనమూ ఆ నియమమే పాటించాలి.

మొదలుపెట్టేవారికి మా సలహా ఇది. గంగరావి మన తీరగ్రామాలలో బాగా పెరుగుతుంది. నార సన్నగా ఉండి చాకు మాట వింటుంది. నిద్రగన్నేరు మెత్తన. మామిడి కూడా చెక్కవచ్చును గాని త్వరగా పురుగు పట్టుతుంది, కనుక బాగా ఆరనిచ్చి వాడాలి. వేప కొంచెము గట్టిది, రెండవ మూడవ పనికి బాగుంటుంది. వడ్రంగి దుకాణములో టేకు తునకలు పొయ్యిలోకి పోతుంటాయి, అడిగితే కాదనరు. సామాను పెట్టెలకు వాడే దేవదారు చెక్క కూడా పనికివస్తుంది, మేకులు మాత్రము వెదకి పీకివేయండి.

తాటి, కొబ్బరి మొదటి పనికి తీసుకోవద్దు. వాటి పీచు చేతికి పేళ్లుగా దిగుతుంది. సరుగుడు గట్టిది, నిలువునా చీలిపోతుంది. నల్లతుమ్మ మరీ గట్టి, చెక్కడానికి వద్దు గాని ఉలి పిడికి దానిని మించినది లేదు. మడచెట్లను అసలే ముట్టవద్దు. కృష్ణా ముఖద్వారము దగ్గరి మడ అడవి అభయారణ్యములో భాగము, నరకడము నేరము. నేరమనే భయము కంటె పెద్ద కారణము ఒకటున్నది. 1977 నవంబరు 19 ఉప్పెనను చూచిన దివిసీమవారికి, అలకు అడ్డునిలిచే చెట్టు విలువ మేము చెప్పనక్కరలేదు. గాలివానకు పడిన కొమ్మ, కొట్టివేసిన దొడ్డి చెట్టు, పాత ద్వారబంధము, విరిగిన మంచపుకోడు, ఇవి చాలును మన సరదాకు.

పచ్చి కర్ర ఆరేకొద్దీ కుంచించుకొని బీటలు వారుతుంది. తేమ ముందుగా కోసిన కొనల నుండి పోతుంది గనుక ఆ కొనలకు పాత రంగుగాని, కరిగించిన కొవ్వొత్తి మైనముగాని పూసి, ఎండ తగలని గాలిచోట పేర్చండి. అంగుళము మందపు పలక ఆరడానికి సుమారు ఒక సంవత్సరమని వడ్రంగుల లెక్క. అంత కాలము ఆగలేనివారు పాత సామాను కొయ్యతో మొదలుపెట్టవచ్చును.

కావలసిన పనిముట్లు

మొదటే పెద్ద పెట్టె కొనవద్దు. ఈ క్రిందివి చాలును:

1. చిన్న చాకు. అలుగు రెండంగుళాలు మించకూడదు, పిడి గుప్పిట నిండుగా ఉండాలి. మడతచాకు వద్దు, ఒత్తిడికి అది వ్రేళ్లమీదికి ముడుచుకుంటుంది.

2. చదునైన ఉలి ఒకటి, అరంగుళము వెడల్పుది.

3. గోటివలె వంపు తిరిగిన ఉలి ఒకటి. లోపలి భాగము తొలవడానికి ఇదే కావాలి.

4. కొయ్యసుత్తి. ఇనుప సుత్తి ఉలి పిడిని చీలుస్తుంది.

5. చిన్న రంపము, పెన్సిలు, స్కేలు.

6. ఒకవైపు గరుకు, ఒకవైపు నునుపు ఉన్న సానరాయి.

7. గరుకు కాగితము, ముతకది ఒకటి, సన్నది ఒకటి.

ఇవి ఇనుప సామాను కొట్టులో దొరుకుతాయి. వంపు ఉలి దొరకకపోతే కొలిమి పనివారి దగ్గర చేయించుకోవచ్చును. అరిగిన ఆకురాయి ఇచ్చినా ఉలి చేసిపెడతారు. అయితే ఆకురాయి ఇనుము పెళుసు, కనుక కాక ఇచ్చి ఆ పెళుసు తగ్గించమని ముందుగానే చెప్పాలి. లేకపోతే మొదటి దెబ్బకే వాదర ఎగిరిపోతుంది.

పదునే ప్రాణము

మొదలుపెట్టిన చాలామంది మానివేయడానికి కారణము మొద్దుబారిన పనిముట్టు. మొద్దు ఉలితో చెక్కినప్పుడు కొయ్య తెగదు, నలుగుతుంది. బలము ఎక్కువ పెట్టవలసివస్తుంది. బలము పెట్టినప్పుడే ఉలి జారి చేయి తెగుతుంది. పదునైన పనిముట్టు కంటె మొద్దు పనిముట్టే ప్రమాదము అని పిల్లలకు మొదటి రోజే చెప్పండి.

సానరాయి మీద రెండు చుక్కల నూనె వేసి, ఉలి ఏటవాలు ముఖమంతా రాయికి ఆనేటట్లు పట్టి, ఆ కోణము చెదరకుండా ముందుకు వెనుకకు రుద్దండి. వెనుకవైపు వ్రేలితో తాకితే సన్నని ఇనుప పొర తగులుతుంది. అప్పుడు ఉలిని తిరగవేసి, వెనుక ముఖము పూర్తిగా రాయికి పరచి నాలుగుసార్లు రుద్దితే ఆ పొర పోతుంది. చివరకు పాత తోలు బెల్టు మీద వాదర వెనక్కు ఉండేటట్లు పదిసార్లు లాగండి. కాగితము అంచు చప్పుడు లేకుండా తెగితే పదును వచ్చినట్లే. అరగంట చెక్కిన తరువాత మళ్లీ తోలుమీద లాగాలి.

మొదటి పని: ఒక పడవ

కొయ్యకంటె ముందు ఒక సబ్బుబిళ్ల మీద రెండు రోజులు చేయి తిప్పుకోనివ్వండి. పొడిపొట్టును గుడ్డలు ఉతకడానికి వాడుకోవచ్చును, ఏమీ పోదు.

తరువాత 8 అంగుళాల పొడవు, రెండున్నర అంగుళాల వెడల్పు, 2 అంగుళాల మందము గల మెత్తని చెక్క తీసుకోండి. నార పొడవునా నడవాలి. పైన నడిమిగీత గీచి, దానికి ఇరువైపుల సమానముగా పడవ ఆకారము వేయండి. రేవులో పడవ ఎదురుగానే ఉన్నది గనుక నమూనాకు ఎక్కడికీ పోనక్కరలేదు. మూలలను రంపముతో కోసివేయండి.

ఇప్పుడు చాకు పని. వెలుపల చెక్కేటప్పుడు నడుము నుండి కొనవైపుకు, అనగా లావు నుండి సన్నానికి పోవాలి. ఎదురు దిశలో పోతే చాకు నార క్రిందికి దూరి చెక్క పేళ్లుగా లేస్తుంది. పేడు లేచినదంటే కొయ్య మనకు చెప్పుతున్నట్లే, ఇటు కాదు అటు అని. వెంటనే ఆగి చెక్కను త్రిప్పుకోండి. లోపల తొలిచేటప్పుడు దీనికి తారుమారు. వంపు ఉలితో రెండు అంచుల నుండి నడిమికి, పైనుండి లోతుకు రావాలి. ప్రక్కలను పావు అంగుళము మందము ఉంచండి, తొందరపడి పలుచన చేయవద్దు.

ఇప్పుడు నీళ్ల తొట్టిలో వేయండి. ఒక ప్రక్కకు ఒరిగినదంటే ఆ ప్రక్క బరువెక్కువ. ఒరిగిన ప్రక్క లోపలివైపు కొంచెము కొంచెము తీస్తూ మళ్లీ మళ్లీ వేసి చూడండి. పిల్లవాని పనిని పెద్దలు మెచ్చుకోనూ వద్దు, తప్పుపట్టనూ వద్దు, తీర్పు నీళ్లే చెబుతాయి. నిజమైన పడవ కట్టేవారి చింత కూడా ఇదే. ఆ సంగతి తండ్రి చెప్పగా వినడము కంటె, తన చేతి పడవ ఒరిగినప్పుడు పిల్లవానికి బాగా అర్థమవుతుంది.

రెండవ పని: ఒక అచ్చు

మూడంగుళాల చదరపు చెక్క, అంగుళము మందముది, టేకుగాని గంగరావిగాని తీసుకోండి. గరుకు కాగితాన్ని నేలమీద పరచి, చెక్కను దానిమీద రుద్ది సమతలము చేయండి. కాగితముమీద మెత్తని పెన్సిలుతో ఒక ఆకు, చేప, లేక నక్షత్రము లావుపాటి గీతలతో వేయండి. ఆ కాగితాన్ని బోర్లించి వెనుక నుండి చెంచాతో రుద్దితే బొమ్మ చెక్కమీదికి దిగుతుంది. అది తిరగబడి ఉంటుంది, అదే కావలసినది. అద్దినప్పుడు మళ్లీ సరిగా వస్తుంది. పేరు చెక్కేవారు ఈ సంగతి ముఖ్యముగా గుర్తుంచుకోవాలి.

ముందు బొమ్మ అంచుల వెంట చాకుతో గాటు పెట్టండి. గీత పైన సన్నగా, అడుగున వెడల్పుగా నిలిచేటట్లు చాకును కొంచెము వాల్చి పట్టాలి. నిలువుగా కోసిన గీత అద్దేటప్పుడు విరిగిపోతుంది. తరువాత చుట్టూ ఉన్న కొయ్యను వంపు ఉలితో పావు అంగుళము లోతు వరకు తీసివేయండి. మడత దుప్పటిమీద గుడ్డ పరచి, రంగు తడిపిన స్పాంజి మీద అచ్చు ఆనించి అద్దండి. రుమాళ్లకు, దిండు గలీబులకు, క్రిస్మసు కార్డులకు ఎంతో బాగుంటుంది. సండేస్కూలు పిల్లలంతా తలా ఒక అచ్చు చెక్కితే సంఘమంతటికీ కార్డులు చేతితోనే తయారు చేయవచ్చును.

నునుపు చేసేటప్పుడు గరుకు కాగితాన్ని నార వెంటనే రుద్దాలి, అడ్డముగా రుద్దితే గీతలు పడతాయి. తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే లేచిన నార మళ్లీ గరుకవుతుంది, మరొకసారి రుద్దండి. ఆపైన అవిసెనూనె పలుచగా పట్టించవచ్చును. ఆ నూనె గుడ్డను ఉండచుట్టి మూల పడవేయవద్దు. దానంతట అదే వేడెక్కి అంటుకొనే ప్రమాదమున్నది. విప్పి ఆరుబయట ఆరవేయండి.

జాగ్రత్తలు

పట్టుకున్న చేయి ఎప్పుడూ వాదరకు వెనుకనే ఉండాలి, ముందు ఉండకూడదు. చెక్కను ఒడిలో పెట్టుకొని చెక్కవద్దు, బల్లకు బిగించండి. ఎడమ బొటనవ్రేలికి గుడ్డపట్టీ చుట్టుకోండి. చిన్నపిల్లలు తిరుగాడేచోట ఉలి వదలి లేవవద్దు. రుద్దేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. టేకు పొడి కొందరికి దురద పుట్టిస్తుంది. చేయి తెగితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి చేయి పైకెత్తండి. గాయము లోతైనదైతే ఆసుపత్రికి వెళ్లాలి, ధనుర్వాతము సూదిమందు సంగతి అడగాలి. పసుపు అద్ది ఊరుకోవద్దు.

ఒక సందేహము

బొమ్మ చెక్కడము ఆజ్ఞకు విరోధము కాదా అని కొందరు విశ్వాసులు సందేహపడవచ్చును. ఆజ్ఞ నిషేధించినది విగ్రహారాధనను. పది ఆజ్ఞలున్న ఆ నిర్గమకాండములోనే, 31వ అధ్యాయములో, కొయ్య చెక్కే నేర్పుతో సహా సమస్త పనులకు దేవుడు బెసలేలును తన ఆత్మతో నింపిన సంగతి ఉన్నది. ప్రత్యక్ష గుడారములోని మందసమును చేసిన కొయ్య మన తెలుగు బైబిలులో తుమ్మకర్ర. మన చేనిగట్టు చెట్టు పేరు అక్కడ చదివినప్పుడు చేతిపనిని చిన్నచూపు చూడడానికి మనకు మనసొప్పదు.

చివరిగా ఒక మాట. ఈ పేజీ చదివి పడవ చెక్కవచ్చును, అచ్చు చెక్కవచ్చును. కాని చాకును ఎంత వాల్చాలో కాగితము పూర్తిగా చెప్పలేదు. వేసవి సెలవులలో ఒక పూట మీ పిల్లలను తీసుకొని రేవులో పడవ బాగుచేసే వడ్రంగి దగ్గరకు, లేక పెడనలో అచ్చులు చెక్కేవారి దగ్గరకు వెళ్లండి. వారి పనికి అడ్డురాకుండా ప్రక్కన కూర్చోనివ్వండి. వారిని అన్నయ్యగారూ, బాబాయిగారూ అని మర్యాదగా పిలిచి అడగనివ్వండి. వీలైతే ఒక చిన్న అచ్చు వెల ఇచ్చి కొనండి, బేరమాడవద్దు. నేర్చుకోవడానికి ఒక పిల్లవాడు వచ్చి కూర్చోవడము ఆ పెద్దవారికి వెలకంటె ఎక్కువ సంతోషము.

వచ్చే నెల తాటాకు పనిని గూర్చి తెలుసుకుందాము. అంతవరకు మీ చాకులు పదునుగా, మీ వ్రేళ్లు క్షేమముగా ఉండునుగాక.